ఒకే అంచు, ఒకే మనిషి: గడ్డం గీసే కత్తి, చర్మారోగ్యం

గడ్డం కింద, మెడ మీద ఎర్రని పొక్కులు లేచాయి, రక్తం చెడింది, శుద్ధికి ఏదైనా మాజూన్ ఇవ్వండి అని అడిగే యువకులు ఈ మధ్య ఎక్కువయ్యారు. తిరువళ్ళూరు నుంచి తెల్లవారకముందే లోకల్ రైలెక్కి చెన్నై ఉద్యోగాలకు పోయేవారు, తిరుత్తణిలో దుకాణాల్లో కూర్చునేవారు, కాలేజీ పిల్లలు అందరూ వీరిలో ఉన్నారు. నాడి చూస్తే బాగానే ఉంటుంది. ఆకలి, నిద్ర, విరేచనం అన్నీ సక్రమంగానే ఉంటాయి. "బాబూ, గడ్డం దేనితో గీసుకుంటున్నావు?" అని అడిగినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. మూడో ఐదో బ్లేడ్లున్న రేజరు, నెలల తరబడి మార్చని బ్లేడు, లేదంటే అన్నదమ్ములు ముగ్గురికీ కలిపి ఒకే రేజరు. జబ్బు రక్తంలో లేదు, కత్తిలో ఉంది.

ఇలాంటి ఇళ్ళలోనే కొన్నిటిలో బీరువా మీద పాత రేకు డబ్బాలో దాదాగారి షేవింగ్ సెట్టు పడి ఉంటుంది. ఒక పక్క మాత్రమే అంచున్న బ్లేడుతో పనిచేసే పాతకాలపు సేఫ్టీ రేజరు అది. దాన్ని పనికిరాని సామాను అని పారేయవద్దు, తీసిన వెంటనే ముఖానికి పెట్టుకోనూ వద్దు. ఆ కత్తి మనకు నేర్పే ఆరోగ్య సూత్రం ఒకటుంది. దాన్ని ఈ వారం వివరంగా తెలుసుకుందాం. గడ్డం ఎంత ఉంచాలి, ఎక్కడ తీయాలి అన్న ధార్మిక విషయాలు ఉలమాలు చెబుతారు. నేను చర్మం గురించి మాత్రమే చెబుతాను. గడ్డం పెంచినవారికి కూడా ఇది అవసరమే. చెంపల మీద, మెడ మీద ఖత్ తీయించుకోనివారు తక్కువ కదా!

పాత రేజర్ల కథ

పూర్వం గడ్డం గీయడమంటే మడత కత్తే, మనం ఉస్తరా అంటాం. దాన్ని సాన పట్టడం, తోలుపట్టా మీద నూరడం, చేయి వణకకుండా నడపడం నేర్చిన పని. అందుకే అది హజ్జామ్ చేతిలో ఉండేది. మరో సంగతి చూడండి. హిజామా అంటే కొమ్ములు, గిన్నెలు పెట్టి రక్తం తీసే చికిత్స. ఆ చికిత్స చేసేవాడు హజ్జామ్. గడ్డం గీసేదీ ఆయనే కాబట్టి ఆ పనికి మన ఇళ్ళలో హజామత్ అనే పేరు వచ్చింది. అంటే గడ్డం గీయడాన్ని పెద్దలు చిన్న శస్త్రచికిత్సతో సమానంగా చూశారు. శస్త్రానికి ఉండవలసిన శుభ్రత దీనికీ ఉండాలి.

ఇంట్లో ఎవరికివారు భయం లేకుండా గీసుకునే కత్తి కోసం అమెరికాలో కాంఫ్ సోదరులు 1880లో ఒక రేజరుకు పేటెంటు తీసుకున్నారు. కత్తి అంచు ముందు చిన్న కంచె లాంటి పట్టీ అమర్చి, చర్మం లోతుగా తెగకుండా చేశారు. దాని బ్లేడుకు ఒకే అంచు. తర్వాత జెమ్, ఎవర్ రెడీ పేర్లతో అదే తరహా రేజర్లు వచ్చాయి. వాడి పారేసే పలుచని రెండంచుల బ్లేడును తెచ్చినది కింగ్ జిల్లెట్. ఆయన కంపెనీ 1903లో అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమేనట! 1904లో పేటెంటు వచ్చాక అది ప్రపంచమంతా పాకింది.

ఇంగ్లండు నుంచి రోల్స్ రేజర్ అని మరొకటి వచ్చేది. మెరిసే లోహపు పెట్టెలో ఒక మూతకు సానరాయి, ఇంకో మూతకు తోలుపట్టా ఉంటాయి. పిడిని ముందుకూ వెనక్కూ తోస్తే బ్లేడు దానంతట అదే పదునెక్కుతుంది. రైల్వేలోనో, మిలిటరీలోనో పనిచేసిన పెద్దల ఇళ్ళలో ఇలాంటివి ఇప్పటికీ కనబడతాయి. కొన్ని మద్రాసు మూర్ మార్కెట్లో పాత సామాన్ల కింద కొన్నవి. ఆ మార్కెట్ 1985లో కాలిపోయింది గాని, అక్కడ కొన్న సామాన్లు మాత్రం ఇళ్ళలో మిగిలే ఉన్నాయి.

1971లో రెండు బ్లేడ్ల రేజరు, 1998లో మూడు బ్లేడ్లది, 2006లో ఐదు బ్లేడ్లది వచ్చాయి. బ్లేడ్లు పెరిగిన కొద్దీ సుఖం పెరుగుతుందని ప్రకటనలు చెప్పాయి. విచిత్రం ఏమిటంటే అదే జిల్లెట్ కంపెనీ 2010లో మన దేశం కోసం ప్రత్యేకంగా తయారుచేసి 15 రూపాయలకు అమ్మిన గార్డ్ రేజరులో ఉన్నది ఒకే బ్లేడు.

బ్లేడ్లు ఎక్కువైతే ఏమవుతుంది?

వెంట్రుక గురించి యునానీ గ్రంథాలు చెప్పేది ఇది. శరీరంలోని ధూమంలాంటి ఆవిరి, అంటే బుఖారాతె దుఖానియా, చర్మ రంధ్రాల దగ్గర గట్టిపడి వెంట్రుకగా బయటికి వస్తుంది. ఆ రంధ్రాలను మసామ్ అంటారు. నేటి శరీరశాస్త్రం వెంట్రుక కుదురు గురించి వేరే విధంగా చెబుతుంది. కాని ఒక విషయంలో రెండూ ఒకటే: బయటికి రావలసినది బయటికి రాకుండా దారి మూసుకుపోతే వాపు పుడుతుంది.

రెండు, మూడు బ్లేడ్లున్న రేజరులో మొదటి బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగుతుంది. అది వెనక్కి పోయేలోగా రెండో బ్లేడు ఇంకా కింద కోస్తుంది. తెగిన కొస చర్మం కంటే కిందికి జారుకుంటుంది. చెంప నున్నగా ఉంటుంది, సంతోషమే. కాని వెంట్రుక వంకీలు తిరిగినదైతే, మళ్ళీ పెరిగేటప్పుడు తిన్నగా బయటికి రాదు. రంధ్రం గోడలోకో, వంగి మళ్ళీ చర్మంలోకో గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లులాగే చూస్తుంది. అక్కడ ఎరుపు, దురద, పొక్కు, కొన్నిసార్లు చీము వస్తాయి. మెడ మీద వెంట్రుకలు తలా ఒక దిక్కుకు తిరిగి ఉంటాయి గనుక పొక్కులు అక్కడే ఎక్కువ. దీనికి తోడు మన ప్రాంతంలో కత్తిరి ఎండలు. గీసిన చర్మం మీద చెమట, దుమ్ము, బిగుతు కాలరు పడితే మంట రెట్టింపవుతుంది.

ఐదు బ్లేడ్లు అందరికీ చేటు చేస్తాయని నేను చెప్పడం లేదు. వెంట్రుక తిన్నగా, చర్మం గట్టిగా ఉన్నవారికి ఏ రేజరైనా సరిపోవచ్చు. వంకీల వెంట్రుకలు, సున్నితమైన చర్మం, మిజాజ్‌లో వేడి పొడి గుణాలు ఎక్కువ ఉన్నవారు మాత్రం ఒకే బ్లేడుకు మారి చూడాలి. ఒకే అంచు వెంట్రుకను చర్మానికి సమంగా కోసి వదిలేస్తుంది, లోపలికి దింపదు. ఒక్కసారి గీస్తే చర్మం మీద ఒక్క అంచే నడుస్తుంది, ఐదు కాదు.

ఇంట్లో పాత రేజరు దొరికితే

ముందు అది ఏ రకమో గుర్తుపట్టండి. జెమ్ తరహా రేజరు తల మూతలాగా తెరుచుకుంటుంది. దానిలో పట్టే బ్లేడుకు ఒక పక్క పదును, రెండో పక్క మందపాటి లోహపు వెన్ను ఉంటాయి. మామూలు రెండంచుల బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు అయితే దీనిది దాదాపు 0.23 మిల్లీమీటరు. అందుకే అది వంగదు, వణకదు.

తర్వాత శుభ్రం చేయండి. గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టి, పాత పళ్ళబ్రష్షుతో మూలల్లో పేరుకున్న సబ్బు మడ్డిని తీయండి. ఇత్తడి చెంబులాగా బూడిదతోనో పొడులతోనో తోమకండి, పైనున్న పూత లేచిపోతుంది. ఆరిన తర్వాత మందుల దుకాణంలో దొరికే స్పిరిటుతో తుడవండి. బ్లేడు పెట్టి మూత బిగించినప్పుడు అది రెండు పక్కలా సమంగా కూర్చోవాలి. ఒక మూల పైకి లేచినా, కదిలినా ఆ రేజరును జ్ఞాపకంగా దాచుకోండి, ముఖానికి వద్దు. రోల్స్ రేజరు బ్లేడుకు అంచు పెచ్చులూడి ఉంటే దానికీ ఇదే మాట.

డబ్బాలో మిగిలిన పాత బ్లేడ్లు ఎంత మెరుస్తున్నా వాడవద్దు. జెమ్ బ్లేడ్లు విదేశాల్లో ఇప్పటికీ తయారవుతున్నాయి. తెప్పించుకోగలిగినవారు గడ్డానికని రాసి ఉన్నవే తెప్పించుకోవాలి. హార్డ్‌వేరు దుకాణాల్లో రంగు గీకడానికి అమ్మే బ్లేడు చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, రేజరులో పడుతుంది కూడా. కాని అది ముఖానికి చేసినది కాదు, చర్మాన్ని చీరేస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు అనుకునేవారికి తేలిక దారి ఉంది. ఏ ఫ్యాన్సీ దుకాణంలోనైనా దొరికే మామూలు రెండంచుల సేఫ్టీ రేజరు చాలు. బ్లేడుకు అంచులు రెండున్నా ముఖానికి ఒకసారికి తగిలేది ఒకటే. గుణం అదే, ఖర్చు తక్కువ.

గీసుకునే పద్ధతి

పొడి ముఖం మీద ఎప్పుడూ గీయవద్దు. స్నానం తర్వాత గీసుకోవడం మంచిది. తీరిక లేకపోతే గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డను రెండు మూడు నిమిషాలు ముఖానికి పట్టండి. వెంట్రుక నీరు పీల్చి మెత్తబడుతుంది. సబ్బును బ్రష్షుతో నురగ వచ్చేలా రుద్దండి. చర్మం పొడిబారినవారు ముందు రెండు చుక్కల రోగనె బాదామ్ రాసుకోవచ్చు.

వెంట్రుక ఏ దిక్కుకు వాలి ఉందో వేలితో తడిమి చూసుకోండి. ఆ దిక్కుకే గీయండి. ఎదురు గీయడం పొక్కులకు మొదటి కారణం. రెండంచుల రేజరును చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో పట్టాలి. జెమ్ రేజరు అయితే దాని తల చదును భాగాన్ని చెంపకు ఆనించి, పిడిని కొంచెం కిందికి దించితే అంచు తగులుతుంది. ఏదైనా సరే బలం పెట్టవద్దు, రేజరు బరువే చాలు. చర్మాన్ని చేత్తో గట్టిగా సాగదీసి గీస్తే వెంట్రుక కొస లోపలికి పోతుంది, అదీ మానండి. గీసిన చోటే నాలుగుసార్లు గీయకండి. కొంచెం గరుకు మిగిలితే మిగలనివ్వండి.

మూడు నాలుగు సార్లు వాడాక, లేదా వెంట్రుకను కోయకుండా పీకుతున్నట్టు అనిపించిన రోజే బ్లేడు మార్చండి. బ్లేడును గుడ్డతో తుడవకండి. రేజరును కడిగి, నీళ్ళు విదిలించి గాలి తగిలేచోట పెట్టండి.

ఒక అపోహ కూడా తీర్చాలి. గీసే కొద్దీ వెంట్రుక ముదురుతుంది, ఒత్తుగా వస్తుంది అంటారు. అమెరికా శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే కొలిచి చూసి, గీయడం వల్ల వెంట్రుక మందంలో గాని, పెరిగే వేగంలో గాని తేడా రాదని తేల్చారు. మొండిగా తెగిన కొస చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

పొక్కులు వచ్చాక ఏం చేయాలి?

మొదటి మందు కత్తిని దించడమే. మూడు నాలుగు వారాలు గీయకుండా ఉంటే లోపల గుచ్చుకున్న వెంట్రుకలు చాలావరకు వాటంతట అవే విడివడతాయి. ఉద్యోగరీత్యా తప్పనివారు కత్తెరతో గాని, ట్రిమ్మరుతో గాని పొట్టిగా కత్తిరించుకోవచ్చు.

రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున గోరువెచ్చని నీటి కాపడం పెట్టండి. యునానీలో దీన్ని తక్మీద్ అంటారు. దీనితో రంధ్రాలు తెరుచుకుంటాయి. వేపాకు వేసి మరిగించి చల్లార్చిన నీటితో కడుక్కోవచ్చు. తర్వాత అర్కె గులాబ్ దూదితో అద్దండి. మంట ఎక్కువగా ఉంటే మర్హమె కాఫూరీ పలుచగా రాయవచ్చు. ముందు చెవి వెనుక కొద్దిగా రాసి చూసి, పడకపోతే మానండి. గోళ్ళతో గిల్లడం, పట్టుకారుతో వెంట్రుకను పీకడం చేయవద్దు, మచ్చలు మిగులుతాయి. పొక్కులు గడ్డం చోటనే ఉంటే రక్తశుద్ధి మందుల అవసరం లేదు.

ఫిట్కరీ, అంటే పటిక, గురించి చాలామంది అడుగుతారు. దాని గుణం కాబిజ్, అంటే చర్మాన్ని బిగించి చిన్న గాట్ల నుంచి కారే రక్తాన్ని ఆపుతుంది. గీసుకున్నాక చల్లని నీళ్ళతో కడిగి, తడి పటికను ఒకసారి రుద్ది, నిమిషం తర్వాత మళ్ళీ కడిగేయండి. పొడి చర్మం ఉన్నవారు రోజూ వాడవద్దు. పటిక రక్తాన్ని ఆపుతుందే గాని అన్ని రోగక్రిములనూ చంపదు. ఈ మాట బాగా గుర్తుంచుకోండి, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది దీనికంటే పెద్ద విషయం.

గుండ్రంగా, అంచులు ఎర్రగా, పొట్టు రాలుతూ దురద పెడితే అది పొక్కు కాదు, దాద్ కావచ్చు. చాలామంది మందుల దుకాణంలో అడిగి ఏదో క్రీము తెచ్చి పూస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే నాలుగు రోజులు తగ్గినట్టు కనబడి దాద్ ముఖమంతా పాకుతుంది. ప్రభుత్వం 2018లోనే ఇలాంటి క్రీములను చీటీ లేకుండా అమ్మరాదని చేర్చింది. డాక్టరుకు చూపించకుండా పూయకండి.

ఖత్ తీయించుకునేవారికి

సెలూన్లో ఉస్తరాలో పెట్టేది సాధారణంగా రెండంచుల బ్లేడును మధ్యకు విరిచిన సగం ముక్క. అదీ ఒకే అంచు కత్తే. పద్ధతి చాలా మంచిది, ఒక షరతు మీద: ఆ ముక్క మీ కోసమే, మీ కళ్ళ ముందే విరిచినదై ఉండాలి.

ఎందుకంత పట్టుదల అంటారా? హెపటైటిస్ బి అనే కాలేయ జబ్బు క్రిమి శరీరం బయట, కంటికి కనబడనంత ఎండిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. ఒకరి చెంప మీద కనబడని గాటు, అదే బ్లేడుతో ఇంకొకరికి మరో గాటు, అంతే చాలు. హెపటైటిస్ సి కూడా ఇలా రావచ్చు. ఈ జబ్బులు ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ చూపకుండా ఉండి, చివరికి కాలేయం గట్టిపడటానికి, క్యాన్సరుకు దారితీస్తాయి. బ్లేడును డెట్టాల్ నీళ్ళలో ఒకసారి ముంచి తీస్తే ఈ క్రిమి పోయిందని నమ్మకండి. అందరి గాట్ల మీదా రుద్దే ఒకే పటిక ముక్క కూడా ప్రమాదమే. మీ పటిక మీరు తీసుకెళ్ళండి, లేదా వద్దని చెప్పండి.

"భాయ్, కొత్త బ్లేడు వేయండి" అని అడగడానికి మొహమాటం వద్దు. రోజూ పదుల మందికి గీసే ఆ మనిషి వేళ్ళకు కూడా గాట్లు పడతాయి. కొత్త బ్లేడు ఆయనకూ రక్షణే. తిరుత్తణి కొండకు తలనీలాలు ఇవ్వడానికి వచ్చే జనాన్ని మనం రోజూ చూస్తున్నాం. అంతమందికి గుండు చేసే చోట బ్లేడు శుభ్రత ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. తిరుమలలో తలనీలాలిచ్చే భక్తుడికి టోకెనుతో పాటు బ్లేడు కూడా ఇచ్చే పద్ధతి పెట్టారు. ఎవరి బ్లేడు వారికే అన్న ఆ సూత్రం అందరికీ మంచిదే.

హెపటైటిస్ బి టీకా మన దేశంలో పసిపిల్లలందరికీ ఇవ్వడం 2011 నుంచి అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. అంతకుముందు పుట్టిన పెద్దల్లో చాలామందికి ఈ టీకా పడి ఉండదు. పెద్దలకు మామూలుగా మూడు సూదులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ముందు రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరును అడిగి వేయించుకోండి. దీనికి యునానీలో ప్రత్యామ్నాయం ఉందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

అఖీఖా, హజ్, శరీర వెంట్రుకలు

ఏడో రోజున పసిబిడ్డ తల గీయించి, ఆ వెంట్రుకల బరువుకు వెండి సదఖా చేసే సున్నత్ మనకు ఉంది. పసివాడి తల చర్మం పలుచన, మాడు ఇంకా మెత్తన. అనుభవమున్న మనిషి చేత, కొత్త బ్లేడుతో, బిడ్డ పాలు తాగి నిద్రలో ఉన్నప్పుడు చేయించండి. ముందు తల గోరువెచ్చని నీటితో తడపండి. తర్వాత పటిక, డెట్టాల్ రాయవద్దు, శుభ్రమైన నీళ్ళు చాలు. నెలలు నిండక పుట్టిన బిడ్డ, కామెర్లు, జ్వరం ఉన్న బిడ్డ అయితే డాక్టరును అడిగాకనే.

హజ్, ఉమ్రాకు వెళ్ళేవారు హల్క్ కోసం లైసెన్సున్న సెలూనుకే వెళ్ళండి. రోడ్డు పక్క తొందరలో గీసేవారి దగ్గర కూర్చోకండి. మీ రేజరు, కొత్త బ్లేడ్లు మీరే తీసుకెళ్ళడం మేలు. వాటిని విమానంలో చేతిసంచిలో అనుమతించరు, పెద్ద సామానులో పెట్టండి.

చంకలు, నాభి కింది వెంట్రుకలు నలభై రోజులు దాటనివ్వరాదని హదీసులో ఉంది. దీనికి ముఖానికి వాడే రేజరు వాడవద్దు, వేరే ఉంచుకోండి. భార్యాభర్తలైనా, తల్లీకూతుళ్ళైనా ఎవరిది వారికే.

ఎవరు మరీ జాగ్రత్తగా ఉండాలి?

మధుమేహం ఉన్నవారికి చిన్న గాటు కూడా త్వరగా మానదు. గుండె జబ్బుకు రక్తం పలుచబడే మాత్రలు వేసుకునేవారికి రక్తం తొందరగా ఆగదు. చేతులు వణికే పెద్దవారికి ఎంత మంచిదైనా పాత రేజరు వద్దు, కరెంటు ట్రిమ్మరు కొనివ్వండి. గాటు దగ్గర వాపు పాకడం, చీము, జ్వరం కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. తుప్పు పట్టిన బ్లేడుతో తెగితే ధనుర్వాతం సూది గురించి అదే రోజు అడగండి.

వాడిన బ్లేడును చెత్తబుట్టలో ఊరికే పారేయడం పాపం. తెల్లవారి చెత్త ఎత్తే మున్సిపాలిటీ కార్మికుల చేతులు తెగుతాయి. మూత ఉన్న ఒక రేకు డబ్బాకు సన్నని చీలిక చేసి, వాడిన బ్లేడ్లు అందులో వేయండి. నిండాక టేపు చుట్టి, "బ్లేడ్లు" అని తమిళంలో కూడా రాసి ఇవ్వండి.

చివరిగా ఇంటిల్లిపాదికీ నాలుగు మాటలు: అంచు ఒకటే చాలు, వెంట్రుక వాలిన దిక్కుకే గీయాలి, బ్లేడు పదును పోకముందే మార్చాలి, ఒకరి కత్తి ఇంకొకరు ముట్టరాదు. దాదాగారి రేజరు దాచుకున్నా, ముప్పై రూపాయల రేజరు కొన్నా ఈ నాలుగూ మారవు.